తలుపు తట్టు మర్యాద

వత్సవాయి రాజులు ఏలిన పెద్దాపురమున మహారాణి పేరిట సత్రము వెలసినది. బాటసారికి అన్నము పెట్టి నీడనిచ్చుట సత్రపు ధర్మము. నేటి లాడ్జీ పుచ్చుకొను అద్దెలో గడియ వేసికొని నిశ్చింతగా ఉండు హక్కు కూడ చేరియున్నది. జవాబు పత్రములు దిద్దవచ్చిన ఉపాధ్యాయినియో, పరీక్షకు వచ్చిన విద్యార్థినియో లోపల ఉండగా, దుప్పట్లు మార్చుటకని మారు తాళపుచెవితో తలుపు తీయుట ఆ హక్కును హరించుటయే.

హోటలు గుమాస్తా సమ్మతించినంత మాత్రమున పోలీసులు వారంటు లేక బసదారుని గదిని సోదా చేయరాదని 1964లో స్టోనర్ కేసున అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసున మన సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవముగా ప్రకటించెను. ఈ తీర్పులు ప్రభుత్వాధికారమునకు గీసిన హద్దులు. అధికారము గల పోలీసులకే హద్దు ఉండగా, అద్దె పుచ్చుకొన్న యజమానికి ఉండవలదా?

ఇందు చీపురు పట్టిన కూలివారిని నిందించి లాభము లేదు. మధ్యాహ్నములోగా గదులన్నియు ఊడ్చితీరవలెనని తరుము యాజమాన్యమే దీనికి బాధ్యురాలు. తలుపు తట్టవలెను; బదులు వచ్చుదాక ఆగవలెను; వద్దన్నచో మరలిపోవలెను. ఈ మూడు మాటలు ప్రతి లాడ్జీలోను నియమము కావలెను. గోడ ఎంత గట్టిదైనను, ఈ మర్యాద లేని చోట బసదారునికి నిద్ర పట్టదు.