పివట్ టేబుల్ వచ్చు.. మరి బస్తాకి ఎన్ని కిలోలు?

ఫ్రెషర్ల రెజ్యూమెల్లో ‘అడ్వాన్స్‌డ్ ఎక్సెల్’ అనే మాట దాదాపు తప్పనిసరి అయిపోయింది. వీలుకప్, పివట్ టేబుల్ వస్తే చాలు, ఆ మాట రాసేసుకుంటున్నాం. తప్పేం లేదు. కానీ రిటైల్ కంపెనీలో ఎంఐఎస్ ఎగ్జిక్యూటివ్‌గానో, డేటా అనలిస్ట్‌గానో చేరినవాళ్లకు త్వరలోనే ఒక విషయం తెలిసొస్తుంది. అక్కడ ఫార్ములా కష్టం కాదు. నలభై స్టోర్ల నుంచి నలభై రకాలుగా వచ్చిన షీట్లను ఒక్క పేజీ సమ్మరీగా మార్చడమే కష్టం. మనం నేర్చుకోవాల్సిందీ, ఇంటర్వ్యూలో చూపించాల్సిందీ ఈ పనే అని నా అభిప్రాయం.

ప్రాక్టీస్ కోసం ఇచ్చే ఫైల్ శుభ్రంగా ఉంటుంది. స్టోర్ నుంచి వచ్చేది అలా ఉండదు. ఒకరు ‘విశాఖపట్నం’ అని, ఇంకొకరు ‘విశాఖ’ అని, మరొకరు ‘వైజాగ్’ అని రాస్తారు. ఎక్సెల్‌కి అవి మూడు వేర్వేరు ఊళ్లు. ఒకరు అలవాటుకొద్దీ అంకె పక్కన ‘/-’ పెడతారు. అంతే, ఆ గడిలో ఉన్నది అంకె కాకుండా టెక్స్ట్ అయిపోతుంది. సమ్ ఫార్ములా దాన్ని వదిలేసి మిగతావి కూడేస్తుంది, ఎర్రర్ కూడా చూపించదు. కంప్యూటర్ అమెరికా సెట్టింగ్‌లో ఉంటే, 03/04 అని కొట్టిన ఏప్రిల్ 3 కాస్తా మార్చి 4 అవుతుంది. 13/04 అయితే అసలు తేదీగానే మారదు.

వీటికి టూల్స్ ఉన్నాయి. ఎక్సెల్ 2016 నుంచి పవర్ క్వెరీ అందులోనే వస్తోంది. ఫైళ్లన్నీ ఒక ఫోల్డర్‌లో పెడితే ఒకే టేబుల్‌గా కలిపి ఇస్తుంది. కాకపోతే కాలమ్ పేర్లు ఒకేలా ఉండాలి. తప్పకుండా నేర్చుకోండి.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. బియ్యం సంగతే చూడండి. ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యంపై, 25 కిలోల వరకు ఉన్న బస్తాలకు 2022 జులై 18 నుంచి 5 శాతం జీఎస్టీ వచ్చింది. దాంతో మార్కెట్లోకి 26 కిలోల బస్తాలు దిగాయి. ఒక స్టోర్ ‘100 బస్తాలు’ అని రాస్తే అది 2,500 కిలోలా, 2,600 కిలోలా? ఏ ఫార్ములా చెబుతుంది? 18 శాతం పన్నున్న వస్తువును ఒక స్టోర్ పన్నుతో కలిపి 118 అని, ఇంకో స్టోర్ పన్ను లేకుండా 100 అని రాస్తే, అమ్మకం ఒకటే అయినా మొదటి స్టోర్ ముందున్నట్టు కనిపిస్తుంది.

ఖాళీ గడి ఇంకా ప్రమాదం. పది స్టోర్లలో ఎనిమిది కలిపి 8 లక్షలు అమ్మాయి, రెండు గడులు ఖాళీ అనుకుందాం. ఎక్సెల్ సగటు లక్ష అంటుంది. ఆ ఖాళీల్లో సున్నా పెడితే 80 వేలు అంటుంది. ఆ రెండు స్టోర్లు ఆ రోజు మూసి ఉన్నాయా, ఏమీ అమ్మలేదా, షీట్ పంపడం మర్చిపోయాయా? ఫోన్ చేసి అడిగితేనే తెలుస్తుంది.

ఇదంతా ఎందుకు? ఏ స్టోర్‌కి సరుకు పంపాలి, ఎవరికి ఇన్సెంటివ్ ఇవ్వాలి అన్నది ఆ ఒక్క పేజీ చూసే నిర్ణయిస్తారు. మీ సమ్మరీలో తగ్గిన అంకె కౌంటర్ దగ్గర నిలబడే ఒక సేల్స్‌మ్యాన్ చేతికొచ్చే డబ్బు కావచ్చు. 2020లో ఇంగ్లండ్‌లో పాత ఎక్సెల్ ఫార్మాట్‌లోని 65,536 వరుసల పరిమితి వల్ల దాదాపు 16 వేల కోవిడ్ కేసులు లెక్కలోకి రాకుండా పోయాయి. ఆ రోగులతో మెలిగినవాళ్లను వెతకడం ఆలస్యమైంది. షీట్‌లో పోయిన వరుస వెనక మనిషి ఉంటాడు.

‘ఇప్పుడు ఏఐ చేసేస్తుంది కదా’ అంటారు కొందరు. వైజాగ్, విశాఖ ఒకటేనని అది పసిగట్టగలదు. కానీ ఆ స్టోర్‌లో బస్తా ఎంతో దానికి ఎవరూ చెప్పలేదు. తెలియనిచోట ఊహించి నింపేస్తే అంకె అందంగా ఉంటుంది, నిజం కాదు. ‘స్టోర్లకే ఒక ఫార్మాట్ ఇవ్వొచ్చుగా’ అనే మాటా నిజమే. డ్రాప్‌డౌన్‌తో టెంప్లేట్ చేసి ఇస్తే సగం తలనొప్పి తగ్గుతుంది. కానీ ఆ టెంప్లేట్‌లో ఏం అడగాలో తెలియాలంటే ముందు ఈ గజిబిజి చూసుండాలి.

కాబట్టి ఒక పని చేయండి. హాస్టల్లో ఐదుగురు ఫ్రెండ్స్‌ని నెల ఖర్చులు ఎక్సెల్‌లో రాసివ్వమనండి. ఎలా రాయాలో మాత్రం చెప్పకండి. ఆ ఐదింటినీ కలిపి ఒక పేజీ సమ్మరీ చేయండి. వచ్చిన ఫైళ్లను ముట్టుకోకుండా కాపీ మీదే పని చేయండి. దేన్ని దేనిగా మార్చారో, దేన్ని వదిలేశారో, ఎవరిని ఏం అడిగారో వేరే షీట్‌లో రాయండి. చివర్లో ప్రతి ఫైల్ మొత్తం మీ సమ్మరీతో కలుస్తోందో లేదో చూడండి.

ఇంటర్వ్యూలో ‘ఎక్సెల్ వచ్చా?’ అని అడిగితే ఈ ఫైల్ తెరిచి, ముందు ఆ వేరే షీట్ చూపించండి. పివట్ టేబుల్ అందరూ చేస్తారు. ‘ఈ మూడు అంకెలు నాకు నమ్మకం లేదు, ఎందుకంటే..’ అని చెప్పేవాళ్లు తక్కువ.