విహారం వాళ్లకి, మూటలు మనకా?

పిల్లలకు సెలవులు దగ్గర పడ్డాయంటే చాలు, ఇంట్లో ఎవరో ఒకరు "ఈసారి వైజాగ్ పోదాం" అంటారు. మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు నీళ్లు చూడనివాళ్లం కాదు. కృష్ణ ఉంది, మూసీ ఉంది, సాగర్ ఎడమ కాలువ ఉంది. లేనిదల్లా సముద్రమే. అది చూడకుండానే మనవల్ని ఎత్తుకున్న అమ్మమ్మలు మన వీధుల్లో ఎందరో! అందుకే వైజాగ్ అనగానే ఇల్లంతా హుషారవుతుంది. అందులోనూ కైలాసగిరి. కొండమీద నిలబడితే ఒకవైపు రామకృష్ణా బీచి, మరోవైపు రుషికొండ, ఎదురుగా అంతులేని నీళ్లు. వెనక్కి తిరిగితే 40 అడుగుల తెల్లటి శివపార్వతులు. కొండ ఎక్కడానికి రోప్‌వే, పైన చుట్టూ తిప్పే చిన్న రైలు. పిల్లలకు ఇంకేం కావాలి?

హుషారు సంగతి సరే, ఈ ప్రయాణంలో ఇల్లాలి మాట ఎక్కడుంది? ఏ రోజు బయల్దేరాలో ఆయన చెబుతారు. ఏం చూడాలో పిల్లలు చెబుతారు. ఏ గుడికి వెళ్లాలో అత్తమ్మ చెబుతారు. ఇల్లాలికి మిగిలేవి మూటలు. రెండు రోజుల ముందు సకినాలు, చెక్కలు. బయల్దేరే పూట పులిహోర, పెరుగన్నం, చపాతీలు, చంటివాడికి విడిగా మెత్తటి అన్నం. ఇల్లు వదిలినా వంటిల్లు వదలదు, సంచుల్లో వెంట వస్తుంది. తీరా కొండ దగ్గరికి చేరాక అందరూ రోప్‌వే ఎక్కుతుంటే "సామాన్లు నేను చూస్తుంటాలే, మీరు వెళ్లి రండి" అనేదెవరు? ఇంటికొచ్చి ఫొటోలు తిరగేస్తే అమ్మ ఒక్కదాంట్లో కనిపిస్తుంది, అదీ చేతిలో సంచితో.

మనం అడిగేది పెద్ద కోరికేమీ కాదు. కొండమీద ఒక్క గంట. ఎవరికీ నీళ్ల సీసా అందించకుండా, ఎవరి చెప్పులూ వెతక్కుండా, బెంచీ మీద కూర్చుని సముద్రం చూసుకునే గంట. ఆ గంటసేపు పిల్లల్ని చిన్న రైలు ఎక్కించి తిప్పే పని వాళ్ల నాన్నది. ఇది నోటిమాటగా వదిలేస్తే జరగదు. దర్శనం టైము రాసుకున్నట్టే ఈ గంటను కూడా కాగితం మీద రాసుకోవాలి. మూటల విషయంలోనూ ఒక కట్టుబాటు ఉండాలి. రైల్లో మొదటి పూటకు సరిపడా మాత్రమే ఇంటినుంచి. మిగతాది అక్కడ కొనుక్కుందాం. డబ్బు దండగ అంటారేమో. రైలుకీ గదికీ అంత పెట్టినవాళ్లం, ఇంటి మనిషి చేతులకు రెండు రోజుల విశ్రాంతి ఇచ్చే ఇడ్లీ దగ్గరా లెక్క చూసేది?

ఇక గుడి సంగతి. వైజాగ్ దాకా వెళ్లి సింహాచలం చూడకుండా వస్తామా అంటారు పెద్దవాళ్లు. చూడాల్సిందే, కాదనేదేముంది? కానీ ఆ ఒక్క దర్శనం కోసం ఇంట్లో ఆడపిల్లల తేదీలు లెక్కపెట్టి, మందుల షాపునుంచి నెలసరి వాయిదా వేసే మాత్రలు తెప్పించి మింగించడం మాత్రం మంచిది కాదు. అవి హార్మోను మాత్రలు, చాక్లెట్లు కావు. రక్తం గడ్డకట్టే ఇబ్బంది ఉన్నవాళ్లకు, కాలేయం జబ్బు ఉన్నవాళ్లకు ప్రమాదం. డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. దానికన్నా తేలికైన దారి ఉంది. గుడికి ఒక పూట, కొండకు ఒక పూట విడివిడిగా పెట్టుకోండి. కుదరనివాళ్లు గుడి పూట గదిలో పడుకుంటారు, లేదా బీచి రోడ్డు మీద నడిచి వస్తారు. కైలాసగిరి పార్కే కదా, ఇవాళ మీకు ఎన్నోరోజని అక్కడ ఎవరూ అడగరు.

ఎప్పుడు వెళ్లాలి? అక్టోబరు, నవంబరుల్లో వద్దు. తీరానికి తుపాన్ల బెడద అప్పుడే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ సరిగ్గా విశాఖ దగ్గరే తీరం దాటి ఊరి చెట్లన్నీ కూల్చింది, కైలాసగిరిని కూడా వదల్లేదు. ఎండాకాలం ఉక్క భరించలేం. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి హాయి. ఇంకో మాట, అక్కడ సముద్రం తూర్పున ఉంటుంది. సూర్యుడు నీళ్లలో మునగడం చూద్దామని వెళితే నిరాశే, పొద్దు గుంకేది ఊరివైపు. పొద్దున్నే బీచికి వెళ్లి సూర్యోదయం చూడండి, ఎండ తగ్గాక కొండెక్కండి. స్టేషనునుంచి కొండ సుమారు 10 కిలోమీటర్లు. మోకాళ్ల నొప్పుల పెద్దవాళ్లున్నా దిగులు లేదు, పైదాకా రోడ్డు ఉంది. మెట్లు వయసులో ఉన్నవాళ్లకు వదిలేయండి. గాలి జోరుగా ఉంటే రోప్‌వే ఆపేస్తారు కాబట్టి, నడుస్తోందో లేదో కిందే కనుక్కుని పిల్లలకు మాటివ్వండి.

సముద్రం గురించి ఒక హెచ్చరిక చెప్పి తీరాలి. మన పిల్లలు సాగర్ కాలువలో ఈత నేర్చినవాళ్లు. "నాకు ఈతొచ్చు" అని ధీమాగా దిగుతారు. కాలువ ఒకవైపే లాగుతుంది. సముద్రం ముందు ఒడ్డుకు నెడుతుంది, తర్వాత కాళ్లకింద ఇసుకతో సహా లోపలికి లాగుతుంది. రామకృష్ణా బీచిలో స్నానానికి దిగి కొట్టుకుపోయినవాళ్ల వార్తలు పేపర్లలో చదువుతూనే ఉన్నాం. పాదాలు తడిస్తే చాలు. అంతకుమించి వద్దని ముందే, ఇంటి దగ్గరే, కొంచెం గట్టిగానే చెప్పండి.

ప్రయాణంలో ఆడవాళ్లం చేసే మరో పొరపాటు నీళ్లు తాగకపోవడం. బాత్‌రూము దొరుకుతుందో లేదోనని పొద్దుటినుంచి రాత్రిదాకా గొంతు తడపం. తిరిగొచ్చాక మూత్రంలో మంటంటూ డాక్టరు దగ్గరికి పరుగు. బండి ఎక్కేముందే "దారిలో ఎక్కడ ఆపుతావు బాబూ" అని డ్రైవరును అడగడంలో సిగ్గేముంది? ఆ ప్రశ్న మగవాళ్లకు తట్టదు, మనమే అడగాలి.

అసలు అందరికీ ఒకేసారి సెలవు దొరకాలనేముంది? వదినా మరదళ్లు, అక్కచెల్లెళ్లు, పక్కింటి పిన్నిగారు కలిసి ఓ నలుగురైదుగురు ఆడవాళ్లు వెళ్లిరాలేరా? స్లీపరు బోగీల రిజర్వేషన్లో ఒంటరిగానో, ఆడవాళ్లే జట్టుగానో వెళ్లేవారికి 6 బెర్తుల కోటా ఉందని మనలో చాలామందికి తెలియదు. 45 ఏళ్లు దాటినవారికి ఖాళీ ఉంటే కింది బెర్తే ఇస్తారు. పెద్దవాళ్ల టిక్కెట్టు రాయితీ మాత్రం 2020 మార్చిలో ఆపేశారు, అది లెక్కలో వేసుకోకండి. సూర్యాపేటకూ కోదాడకూ రైలు లేదు, మిర్యాలగూడకు ఉంది. తెలంగాణ ఆడవాళ్లకు 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు లేదు కాబట్టి మిర్యాలగూడ చేరడం ఉచితమే. వైజాగ్ సిటీ బస్సులో మాత్రం మనం టిక్కెట్టు కొనాలి, అక్కడి ఉచితం ఆంధ్ర ఆడవాళ్లకే. మిర్యాలగూడలో విశాఖ ఎక్స్‌ప్రెస్ సాయంత్రం ఎక్కితే తెల్లవారేసరికి వైజాగ్. జన్మభూమి పగటి బండి, కిటికీ పక్కన కూర్చుంటే గోదావరిని కూడా చూడొచ్చు.

"మరి ఇంట్లో వంట?" అంటారు కదూ! అన్నం వండటం, చారు పెట్టడం ఆయనకూ పెద్దపిల్లలకూ ఇప్పటినుంచే నేర్పండి, చాలినంత గడువుంది. సంక్రాంతి హడావుడి ముగిశాక, జనవరి 20న బయల్దేరాలనుకుంటే రిజర్వేషను 60 రోజుల ముందు, అంటే నవంబరు 21 పొద్దున 8 గంటలకు తెరుస్తారు. కేలండరులో ఆ తేదీ చుట్టూ గీత గీసి, ఆధార్ కార్డులు ఒకచోట పెట్టుకోండి.