ఎర్ర గోదారికి నీలం రంగు

శ్రావణంలో గోదారి ఎర్రగా ఉంటుంది. రాజమండ్రిలో పెరిగిన పిల్లలకి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ఎర్రనీళ్లు తగిలాయంటే రేవు మెట్లు ఒక్కొక్కటే మునుగుతాయి, జనం పనులు మానుకుని గట్టు మీద నిలబడి చూస్తారు. అయినా ఈ వారం మా ఊళ్లో 'మన గోదావరి' అంటూ పెట్టిన పిల్లల నీటిరంగుల పోటీలో, గోడకు తగిలించిన బొమ్మలన్నిట్లోనూ నీళ్లు నీలంగానే ఉన్నాయి. పెట్టెలోని నీలం కేకు తడిపి పూసిన నీలం. వెనకాల రెండు త్రిభుజాల కొండలు, వాటి మధ్య సగం సూర్యుడు, ఒడ్డున పూరిల్లు, పక్కన కొబ్బరిచెట్లు. ఆ హాలు కిటికీలోంచి చూస్తే వరద కనబడుతూనే ఉంది.

ఒక బొమ్మ దగ్గర మాత్రం ఆగిపోయాను. నీలం కింద అంచుల్లో మట్టిరంగు తొంగిచూస్తోంది. నీటిరంగు పారదర్శకం, కింద ఏముందో పూర్తిగా కప్పలేదు. వేసిన అమ్మాయి పక్కనే ఉంది. "ముందు ఎర్రనీళ్లే వేశానండీ, నీళ్లంటే నీలంగా ఉండాలి కదా, మార్చెయ్యమన్నారు" అంది. ఎవరు మార్చమన్నారో అడగలేదు. ఆ పిల్ల కళ్లు తెరిచి చూసింది, చూసింది వేసింది. పెద్దవాళ్లం మనం వద్దన్నాం. వారం రోజులుగా నాకు మనసు మనసులో లేదు.

నేనూ ఆదివారాలు పిల్లలకి నీటిరంగులు నేర్పేవాణ్ణే. ఊళ్లో ఈ పని చేసేవాళ్ల బాధ నాకు తెలుసు. నెల తిరిగేసరికి ఫ్రేము కట్టించుకునే బొమ్మ ఇంటికి వెళ్లకపోతే తల్లిదండ్రులు ఫీజు దగ్గర ఆలోచిస్తారు. ఫీజు రాకపోతే అద్దె కట్టలేం. అందుకని సెల్‌ఫోనులో ఎవరో వేసిన సూర్యాస్తమయం చూపించి, అచ్చం అలాగే దింపించి, చివర్లో మాస్టారే కుంచె తీసుకుని సరిచేసి పంపిస్తారు. బతుకుతెరువు కోసం చేసేదాన్ని తప్పుపట్టడం నాకూ కష్టమే. కానీ ఆ పిల్లల చేతికి అబ్బిందేమిటి?

అసలు గొడవ కాగితం దగ్గర మొదలవుతుంది. నా విద్యార్థులు ఈ పాట విని విని ఉన్నారు, ఇక్కడా చెప్పి తీరతాను. పోటీలో పిల్లలకి ఇచ్చింది జిరాక్సు కాగితం, మహా అయితే 75 జీఎస్‌ఎం. అంటే చదరపు మీటరు కాగితం అన్ని గ్రాములు తూగుతుందన్నమాట. నీటిరంగుకి కావలసింది 300. అదీ నూలుతో చేసి, పైన జిగురుపూత ఉన్నది. ఈ తేడా తెలియాలంటే ఆ ఎర్ర గోదారినే వేసి చూడాలి. అట్టను కాస్త ఏటవాలుగా పెట్టండి. బర్ంట్ సియెన్నాలో కొంచెం యెల్లో ఓకర్, చిటికెడు అల్ట్రామరీన్ కలపండి. కుంచె నిండా ముంచి ఎడమ నుంచి కుడికి ఒక్క లాగు లాగితే గీత అడుగున నీటిపూస నిలుస్తుంది. రెండో గీత ఆ పూసను అందుకుని కిందికి దింపాలి, మూడోది ఇంకా కిందికి. మంచి కాగితం మీద ఆ పూస మీకోసం ఆగుతుంది. జిరాక్సు కాగితం మీద అక్కడికక్కడే ఇంకిపోతుంది. రెండోసారి కుంచె తగిలితే నూగు లేస్తుంది, మూడోసారికి కాగితం ఉండకడుతుంది. ఉబ్బి, గుంటలు పడి, గుంటల్లో రంగు చేరి మరకలవుతుంది. అప్పుడు పిల్లవాడు "నాకు బొమ్మలు రావు" అనుకుంటాడు. చేతకానిది కాగితానికి. నింద పడేది పిల్లవాడి మీద.

నీటిరంగుల్లో తెలుపు కూడా కాగితమే. కొంగ రెక్క తెల్లగా కావాలంటే అక్కడ రంగు వెయ్యకుండా వదిలెయ్యాలి. ఎక్కడ ముట్టుకోకూడదో ముందే తెలిసుండాలి. ఇది నేర్వడానికే ఏళ్లు పడుతుంది. పైగా కాలాన్ని బట్టి కూడా నడవాలి. మే నెలలో కుంచె ఎత్తేలోపే ఆరిపోయే రంగు, ముసురు పట్టిన రోజున గంటసేపు తడిగానే ఉంటుంది. అలాంటి రోజున రెండు గంటల పోటీ పెడితే పిల్లలేం చేస్తారు? కాగితాలు చేత్తో పట్టుకుని ఫ్యాను కింద వరసగా నిలబడ్డారు పాపం.

ఖరీదెక్కువ అంటారు, నిజమే. మంచి షీటు వందల్లో ఉంటుంది. అయితే 22 అంగుళాలకి 30 అంగుళాల షీటును కోస్తే ఎనిమిది ముక్కలు వస్తాయి, రెండోవైపు కూడా వేసుకోవచ్చు. పోటీలో ఇచ్చిన షీల్డుల డబ్బుతో పిల్లలందరికీ తలో ముక్క వచ్చేది. ఆ షీల్డులు ఎవరింట్లోనైనా దుమ్ము పట్టడానికే.

ఇది బొమ్మలంటే తెలియని ఊరు కాదు. దామెర్ల రామారావు 1897లో ఇక్కడే పుట్టాడు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ కుర్రాడి చేతిని గుర్తుపట్టి ప్రోత్సహిస్తే, బొంబాయి జేజే స్కూల్లో చదివి, తిరిగి ఈ ఊరికే వచ్చి చిత్రకళాశాల పెట్టాడు. 1925లో మశూచి పొట్టన పెట్టుకునేనాటికి ఇంకా 28 ఏళ్లు నిండలేదు. ఆయన పోయాక వరదా వెంకటరత్నం ఆ పనిని భుజాన వేసుకున్నాడు. అడివి బాపిరాజు కూడా కూల్డ్రే శిష్యుడే. ఒక్క ప్రిన్సిపాలు పిల్లల చేతుల వైపు శ్రద్ధగా చూస్తే ఇంత పంట పండింది. దామెర్ల బొమ్మలు ఈ ఊరి గ్యాలరీలోనే ఉన్నాయి. మన బళ్లు పిల్లల్ని రిసార్టులకి విహారయాత్ర తీసుకెళతాయి, ఆ గ్యాలరీకి మాత్రం తీసుకెళ్లవు.

బళ్ల మాట వచ్చింది గనుక ఇదీ చెప్పేస్తాను. పోటీల వాళ్లని, ఆదివారం మాస్టర్లని అని లాభం లేదు. బడిలో డ్రాయింగ్ మాస్టారు ఉంటే మా దాకా రావలసిన పనేముంది? మా ఇంటి దగ్గరి బడిలో ఆయన రిటైరయ్యాక ఆ కుర్చీలో మరొకరు కూర్చోలేదు. డ్రాయింగ్ పీరియడు లెక్కల సారు ఖాతాలోకి పోయింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలు తీసి చూడండి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి మించి పిల్లలుంటే చిత్రకళ నేర్పే మనిషి ఉండాలని రాసుంది, పార్ట్‌టైమ్ అయినా సరే. మరోపక్క డ్రాయింగు లోయరు, హయ్యరు పరీక్షలు ప్రభుత్వమే పెడుతుంది, సర్టిఫికెట్లూ ఇస్తుంది. అవి ప్యాసైన నా పాత విద్యార్థులు ఫ్లెక్సీ షాపుల్లో కంప్యూటర్ల ముందు కూర్చుని నాయకుల ముఖాలకి తెల్లరంగు పులుముతున్నారు. కుంచె పట్టి ఏళ్లయిందంటున్నారు.

రెండు తెలుగు రాష్ట్రాల విద్యామంత్రుల్నీ అడుగుతున్నాను. చట్టంలో ఉన్న ఆ ఒక్క మనిషిని ముందు బడికి పంపించండి. కాగితం సంగతి ఊళ్లో ఉన్న మేమంతా కలిసి చూసుకుంటాం.