బటను నొక్కినందుకు ఇంత సొమ్మా?

పెళ్లి కుదిరిన ఇంటికి ప్రార్థనకు వెళ్లినప్పుడెల్లా ఖర్చుల మాట మా చెవిని పడుతుంది. భోజనాలకు, చీరలకు, పూల అలంకరణకు వెనుదీయని కుటుంబాలే ఫోటోగ్రాఫరు దగ్గరకు వచ్చేసరికి గట్టిగా బేరమాడతాయి. “బటను నొక్కడానికి ఇంత సొమ్మా? మా మేనల్లుడి ఫోనులో ఇంతకంటే బాగా వస్తాయి” అనే మాట, ప్రియ పాఠకులారా, మీలో కొందరైనా అనియుంటారు. మేమూ అన్నవారమే.

పూర్వము రీలుకు 36 ఫోటోలు. రీలు ధర, కడిగించే ఖర్చు అందరికీ తెలుసు గనుక ఎవరూ ఊరకే తీయమనేవారు కారు. ఇప్పుడు రీలు లేదు, కాబట్టి ఖర్చే లేదనుకుంటున్నాము. వధువు అలంకరణ మొదలుకొని రాత్రి రిసెప్షను వరకు అతడు నిలబడే ఉంటాడు. అందరూ తిన్నాక అతనికి భోజనము. ఉంగరము తొడిగే క్షణము తప్పిపోతే మరల తొడిగించమని పాస్టరును అడుగలేడు. (అడిగినవారూ లేకపోలేదు!) అటుపై వేలకొద్దీ ఫోటోలను ఏరి, వెలుగు, రంగు సరిచేసి, ఆల్బమ్ కూర్చడానికి రోజులు పడుతుంది.

ఇక బాకీ సంగతి. అడ్వాన్సు పోను మిగిలిన సొమ్ము ఆల్బమ్ చేతికి వచ్చాక ఇస్తామంటారు. ఆల్బమ్‌కు ఫోటోలు ఎంచవలసినది పెళ్లివారే. అబ్బాయి ఒక ఊరిలో, అమ్మాయి తల్లిదండ్రులు మరొక ఊరిలో. నెలలు గడిచినా ఎంపిక తెమలదు. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము, వేరే ఒప్పందము లేకపోతే, సొమ్మిచ్చి తీయించుకొన్న ఫోటోకు తొలి హక్కుదారు తీయించుకొన్నవారే. అంటే అతనికి దక్కేది ఆ కూలి ఒక్కటే.

పెళ్లివారిని అని ఏమి లాభము? మా సంఘ వార్షికోత్సవమునకు మా యౌవనస్థులలోని ఒక ఫోటోగ్రాఫరునే పిలిచాము. “దేవుని పని కదా బాబూ” అన్నాము. రెండు రోజులు తీశాడు. షామియానా వారికి, మైకు వారికి, వంటవారికి ఆ రాత్రే లెక్క తీర్చాము. అతనికి శాలువా కప్పాము. కూలి సొమ్మును తెల్లవారేవరకు అట్టిపెట్టుకోకూడదనే లేవీయకాండము 19వ అధ్యాయములోని ఆజ్ఞ మీద ఆ నెలలోనే ప్రసంగించి యున్నాము కూడా.

వారము తరువాత పాస్‌పోర్టు సైజు ఫోటో కొరకు అతని దుకాణమునకు వెళ్లాము. మన కార్యక్రమమునకు అద్దెకు తెచ్చిన లెన్సు తాలూకు మనిషి అక్కడ కూర్చొని యున్నాడు. నెలాఖరు వరకు ఆగమని ఇతడు బ్రతిమాలుచున్నాడు. మమ్మును చూచి మాట ఆపేశాడు. మా ఫోటో తీసి, డబ్బు ఇవ్వబోతే, “మీ దగ్గర ఏమిటి అయ్యగారూ” అన్నాడు.

ఆ ఆదివారము కమిటీలో ఈ సంగతి చెప్పాము. “మనవాడే గదా, ఏమీ అనుకోడు” అన్నారు ఒక పెద్ద. మైకు సెట్టు ఆయనా మనవాడే గదా అని కోశాధికారి అడిగేసరికి గది నిశ్శబ్దమైనది. కవరులో సొమ్ము పెట్టి మేమిద్దరమూ వెళ్లాము. మొదట వద్దన్నాడు. తరువాత తీసుకొని, బిల్లు పుస్తకము వెదికి రశీదు వ్రాసి ఇచ్చాడు.

క్రిస్మసు కార్యక్రమమునకు ఎంత తీసుకుంటావని అప్పుడే అడిగాము. అంకె చెప్పడానికి చాలాసేపు తటపటాయించాడు.