కెమెరాకు కనబడని క్యూ

సర్వర్ డౌన్. ఇప్పుడు ఊరూరా అందరికీ తెలిసిన మాట ఇది. హాల్‌టికెట్ కోసం కూర్చున్న విద్యార్థికి తెలుసు, బిల్లు కోసం ఎదురుచూసే ఉద్యోగికి తెలుసు, సర్టిఫికెట్ కోసం పనిపాట వదులుకొని వచ్చిన రైతుకూ తెలుసు. ఎందుకిట్లా అని అడిగితే ఒకటే జవాబు: అందరూ ఒకేసారి మీద పడితే సైటు మాత్రం ఏం చేస్తుంది? ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది ఈ జవాబు.

అనుకోకుండా వచ్చిపడే రద్దీ వేరు, ముహూర్తం పెట్టి పిలిచిన రద్దీ వేరు. 2009 జూన్ 25న మైకేల్ జాక్సన్ మరణవార్త పొక్కగానే ప్రపంచమంతా ఒక్కసారే వెతికింది. ఆ తాకిడిని గూగుల్ దాడి అనుకొని కొంతసేపు ఎర్రర్ పేజీ చూపింది. అది ముందుగా ఎవరికీ తెలిసేది కాదు, ఒప్పుకుంటాం. కానీ 2013 అక్టోబర్ 1న అమెరికాలో హెల్త్‌కేర్ డాట్ గవ్ తెరిచిన తేదీ సర్కారు పెట్టుకున్నదే. మొదటి రోజు బీమా నమోదు పూర్తి చేయగలిగింది ఆరుగురే!

మన దగ్గర 2021 ఏప్రిల్ 28 సాయంత్రం 4 గంటలకు కొవిన్‌లో 18 నుంచి 44 ఏండ్ల వారికి టీకా రిజిస్ట్రేషన్ అన్నది కేంద్రమే. ఆ వయసు వాళ్లు దాదాపు 59 కోట్లన్న లెక్క కూడా కేంద్రానిదే. తీరా సైటు తెరుచుకోలేదని, ఓటీపీ రాలేదని దేశమంతా గగ్గోలు. సర్వర్ కూలిందన్న వార్తలు నిరాధారమని, తొలిరోజే 1.3 కోట్లకు పైగా నమోదయ్యారని కేంద్రం చెప్పుకుంది. నమోదైతే సరిపోతుందా? చాలామందికి స్లాటే దొరకలేదు. ఫోనే లేనివాళ్ల సంగతేమిటని మే 31న సుప్రీంకోర్టు నిలదీసింది. జూన్ 21 నుంచి అన్ని కేంద్రాల్లోనూ నేరుగా వెళ్లి టీకా వేయించుకునే వీలు వచ్చింది.

మరి మన మీడియా ఏం చేసింది? 2016 నవంబర్‌లో నోట్ల రద్దు నాడు బ్యాంకుల ముందటి బారులు ప్రతి పేపర్లో ఫోటోలయ్యాయి. జనం బాధ కండ్లకు కనబడింది కాబట్టి సర్కారు జవాబు చెప్పక తప్పలేదు. ఇప్పుడా బారే ఫోన్ తెరలోకి పోయింది. అర్ధరాత్రి ఒంటరిగా తిరుగుతున్న గుండ్రటి గుర్తును చూస్తూ కూర్చున్న పిల్లవాడిని ఏ కెమెరా తీస్తుంది? స్క్రోలింగ్‌లో ఒక లైను వస్తుంది, తెల్లారేసరికి అదీ పోతుంది. సర్కారుకు కావలసిందీ అదే.

మేం అడిగేది పెద్ద కోరికేమీ కాదు. సైటు ఎంతమందిని మోయగలదో తేదీతో పాటే చెప్పండి. ఎన్ని గంటలు ఆగితే అన్ని గంటలు గడువు దానంతటదే పెరగాలి. పక్కనే కాగితం దరఖాస్తు తీసుకునే కిటికీ ఒకటి తెరిచి ఉంచండి. పాత్రికేయ మిత్రులకూ ఒక మాట: సర్వర్ డౌన్ అని రాసి ఊరుకోకండి. దాని వల్ల ఎవరి గడువు దాటింది, ఎవరి సీటు పోయింది అని కూడా రాయండి. వార్త అక్కడుంది.