ఖాళీ చేయిస్తే అందమా?

చెరువు కట్టకో, బస్టాండు కూడలికో సుందరీకరణ మంజూరైందంటే ముందు కదిలేవి తోపుడు బండ్లే. బజ్జీలవాళ్లను, చెరుకు రసం వాళ్లను పంపేశాక ఇనుప గ్రిల్లు, రంగు దీపాలు, ఫౌంటెన్ వస్తాయి. గేటుకు టికెట్ కూడా పెడితే పని పూర్తయినట్టే. బండ్లుంటే చెత్త, ట్రాఫిక్కు అడ్డం, జులాయిల అడ్డా అని కాలనీ సంఘాల పెద్దలు చెబుతారు. చదువుకున్నవాళ్లు తలూపుతారు. ఈ వాదన తప్పు.

గ్రిల్లు పెడితే జులాయిలు పోరు, మామూలు జనం పోతారు. న్యూయార్కులో బ్రయంట్ పార్కు కథ అదే. కంచె, పొదల చాటున రోడ్డుకు కనబడకుండా పోయి, 1970లలో మత్తుమందుల బేరగాళ్ల పాలైంది. ఊరి కూడళ్లలో జనం ఎక్కడ ఆగుతారో కెమెరాలు పెట్టి గమనించిన విలియం వైట్, దాన్ని రోడ్డు వైపు తెరిచెయ్యమన్నాడు. 1992లో పార్కు మళ్లీ తెరుచుకున్నప్పుడు ఎటంటే అటు జరుపుకునే కుర్చీలు వేశారు, తిండి అమ్మడానికి చోటిచ్చారు. జనం వచ్చారు, బేరగాళ్లు తప్పుకున్నారు.

అంత దూరం ఎందుకు? హుస్సేన్‌సాగర్‌లో బుద్ధ విగ్రహం 1992 నుంచీ ఉంది. 2021లో ఆదివారం సాయంత్రాలు ట్యాంక్‌బండ్ మీద వాహనాలు ఆపి ‘సండే ఫండే’ పెట్టాకే కుటుంబాలు రోడ్డు మధ్యన తీరిగ్గా నడిచాయి. అప్పుడు అక్కడ తినడానికి స్టాళ్లూ ఉండేవి, పిల్లల చెయ్యి వదిలే ధైర్యమూ ఉండేది. రాత్రి తొమ్మిదింటికి బస్సు కోసం చూసే అమ్మాయి కూడా సీసీ కెమెరా ఉన్న స్తంభం కింద నిలబడదు, మొక్కజొన్న బండి దీపం పక్కన నిలబడుతుంది.

ఇక ట్రాఫిక్కు అడ్డమంటారా? ఫుట్‌పాత్ మీద అడ్డం లేని దారి కనీసం 1.8 మీటర్లు ఉండాలనీ, దాని ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదనీ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లోనే చెప్పింది. మనవి మోకాలెత్తున ఉంటాయి. వాటి మీద బైకులు, ట్రాన్స్‌ఫార్మర్లు, షాపుల ర్యాంపులు. వాటి జోలికి వెళ్లని జేసీబీ ఇడ్లీ బండి మీదికి మాత్రం వస్తుంది.

చెత్త సంగతి నిజమే. దానికి డబ్బాలు, నీళ్ల కుళాయి, మరుగుదొడ్డి కావాలి గానీ పోలీసు లాఠీ కాదు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే చేసి, అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. సుందరీకరణ ప్లాను గీసే గదిలో వాళ్లకు కుర్చీ వేసిన మున్సిపాలిటీ ఏది?

మీ వార్డులో ఇలాంటి పనికి టెండరు పిలిస్తే ప్లాను చూపించమనండి. నీడ ఎక్కడ, అరుగు ఎక్కడ, మరుగుదొడ్డి ఎక్కడ, బండ్లకు చోటెక్కడ అని అడగండి. జవాబు లేకపోతే ఆ ఫౌంటెన్ బిల్లుకు అభ్యంతరం రాసివ్వండి.