రిజిస్టరులో తల్లి ఎక్కడ?

చాదర్‌ఘాట్ వంతెన పక్కన మూసానగర్, శంకర్ నగర్ బస్తీల్లో స్త్రీలతో కూర్చుంటే మాట తిరిగి తిరిగి కాగితాల దగ్గరకే వస్తుంది. 2020 అక్టోబరు వరదైనా, 2022 జూలైలో జంట జలాశయాల గేట్లెత్తినప్పుడైనా, నీళ్లు ఇంట్లోకొస్తే పెట్టె అడుగున దాచిన సర్టిఫికెట్లు మిగలవు. మళ్లీ తెచ్చుకోవటానికి కూలి మానుకుని ఆఫీసుల చుట్టూ తిరిగేది ఆడవాళ్లే.

పౌర వ్యవహారాలు ప్రభుత్వం బాధ్యత అన్నమాట ఇక్కడ కొత్తది కాదు. 1869లో మొదటి సాలార్‌జంగ్ నగరంలో మున్సిపల్ పాలన ప్రవేశపెట్టాడు. 1886లో చాదర్‌ఘాట్‌కు వేరే మున్సిపాలిటీయే ఏర్పడింది (బ్రిటిష్ రెసిడెన్సీ ఉన్న వైపు కదా, ఆ శ్రద్ధ ఎవరికోసమో ఊహించుకోవచ్చు). 1933లో రెండూ కలిశాయి. పాలకులు మారారు. కానీ ప్రభుత్వం దృష్టిలో పౌరుడెవరు?

1969 నాటి జనన మరణాల నమోదు చట్టం చూడండి. ఇంట్లో కాన్పయితే సమాచారం ఇవ్వాల్సింది ఇంటి యజమాని. ఆయన లేకపోతే ఆయన దగ్గరి బంధువు. వాళ్లూ లేకపోతే, 2023 సవరణ దాకా, ఇంట్లో ఉన్న మగవాళ్లలో పెద్దవాడు. నొప్పులుపడి కన్న మనిషికి ఆ వరసలో తల్లిగా చోటు లేకపోయింది. ఇది పొరపాటున పడిన మాటని నేననుకోను. పెళ్లికాని తల్లిని తండ్రి పేరు కోసం నిలదీయకుండా, ఆమె అఫిడవిట్ మీదే జనన సర్టిఫికెట్ ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2015 వచ్చింది!

2023 సవరణతో ముడి మరింత బిగిసింది. ఆ అక్టోబరు 1 తర్వాత పుట్టిన బిడ్డకు బడిలో చేరటానికి, ఓటుకు, పాస్‌పోర్టుకు, పెళ్లి రిజిస్ట్రేషన్‌కు పుట్టిన తేదీ, ఊరు రుజువు చేసేది ఈ సర్టిఫికెట్టే. నమోదు ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి.

సర్టిఫికెట్ మంచిదే కదా అని మన సంస్థల్లోనే కొందరంటారు. మంచిదే. బాల్యవివాహం ఆపటానికి వెళ్లినప్పుడు పిల్ల వయసు చెప్పే కాగితం విలువ మనకు తెలుసు. అయితే అదే చట్టం 7వ సెక్షన్‌లో, తన పరిధిలో జరిగే ప్రతి జననాన్నీ జాగ్రత్తగా తెలుసుకునే చర్యలు తీసుకోవటం రిజిస్ట్రారు విధి అని ఉంది. ఫీజు లేకుండా నమోదు చేయాలనీ ఉంది. ఆ సెక్షన్ మనమెప్పుడైనా ఎత్తామా? బస్తీ స్త్రీల తరఫున ఫారాలు నింపి, వరసల్లో నిలబడి, రిజిస్ట్రారు చేయాల్సిన పని మనమే చేసిపెడుతున్నాం. దాన్ని సాధికారత అని రిపోర్టుల్లో రాసుకుంటున్నాం కూడా. ఈసారి మున్సిపల్ ఆఫీసుకు ఫారాలతో కాదు, 7వ సెక్షన్‌తో వెళ్దాం. రిజిస్టరు పట్టుకుని మూసానగర్‌కు ఎప్పుడొస్తారో తేదీ రాసిమ్మని అడుగుదాం.